పసుపు కింద ఏముంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది 1989 పదో తరగతి, బి సెక్షను. ఇప్పుడు ఇంగ్లండులో నాటింగ్‌హామ్ అనే ఊళ్ళో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. కార్యదర్శి గారు ఫోను చేసి "రెండో రోజు మీరేదైనా మాట్లాడాలమ్మా" అన్నప్పుడు, మందుల గురించి చెబుతానని అనుకున్నట్టున్నారు. బొమ్మలకు రంగులు వేయడం గురించి మాట్లాడతానన్నాను. కాసేపు అటువైపు నుంచి ఏమీ వినబడలేదు. తర్వాత "సరే గానీ, అరగంట దాటనివ్వకండి" అన్నారు.

ఇదిగో, నా చేతిలో ఉన్నదే ఆ బొమ్మ. వెనక వరసల వాళ్ళకు కనబడదు, బొటనవేలంత ఉంటుంది. ఒక సైనికుడు. ఒళ్ళంతా కవచం, చేతిలో పెద్ద తుపాకి. ఆట పేరు వార్‌హామర్ 40,000. ఆ అంకె సంవత్సరాన్ని సూచిస్తుంది. ఇప్పటి నుంచి 38 వేల ఏళ్ళ తర్వాత మనుషులు నక్షత్రాల మధ్య యుద్ధాలు చేస్తుంటారన్నది కథ. పెద్ద బల్ల మీద కొండలూ శిథిలాలూ అమర్చి, రెండు సైన్యాలు నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి ఆడతారు. బొమ్మల సైనికులతో ఇలా ఆడటం ఆ దేశంలో కొత్తేమీ కాదు. అంగారక గ్రహవాసులు భూమి మీదికి దండెత్తి వచ్చిన నవల రాసిన హెచ్.జి. వెల్స్ గారే 1913లో "లిటిల్ వార్స్" అని ఒక పుస్తకం వేసి, బొమ్మ సైనికుల యుద్ధానికి నియమాలు రాశారు. నేను చెప్పే ఆట మొదటి పుస్తకం 1987లో వచ్చింది, రిక్ ప్రీస్ట్‌లీ రాశారు. దాన్ని తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1975లో లండన్‌లో మొదలై తర్వాత మా నాటింగ్‌హామ్‌కు చేరింది. ఇలాంటి బొమ్మల కంపెనీలు మా చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయంటే ఆ ప్రాంతానికి "సీసపు పట్టీ" అని ముద్దుపేరు. ఒకప్పుడు ఈ బొమ్మలు సీసం కలిసిన లోహంతో పోసేవారు. ఇప్పుడు ప్లాస్టిక్.

పెట్టె కొంటే లోపల బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు ఉంటాయి. చేతులు, కాళ్ళు, తలలు విడివిడిగా. కత్తిరించుకోవాలి, అతికించుకోవాలి, రంగు మనమే వేసుకోవాలి. ఆడే వాళ్ళ సంగతి నాకు అంతగా తెలియదు, నేను ఆడను. నాకు రంగులే కావాలి. మా అబ్బాయి పన్నెండో ఏట మొదలుపెట్టాడు, పద్దెనిమిదో ఏట యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. కుంచెలు నా దగ్గర మిగిలాయి.

ఈ ఆటలో సైనికులు దళాలుగా ఉంటారు. ఒక్కో దళానికి ఒక్కో రంగు. అల్ట్రామెరీన్స్ అనే వాళ్ళు నీలం. బ్లడ్ ఏంజెల్స్ ఎరుపు. ఇంపీరియల్ ఫిస్ట్స్ పసుపు. వైట్ స్కార్స్ తెలుపు. కొత్తగా వచ్చిన పిల్లలకు కొట్లో అబ్బాయిలు "నీలం తీసుకో బాబూ" అని చెబుతారు. మంచి సలహాయే. నీలం ఎలా వేసినా ఒప్పుతుంది. మా వాడు మాత్రం లమెంటర్స్ అనే దళాన్ని పట్టుకున్నాడు. పేరుకు తగ్గట్టే దురదృష్టం వెంటాడే దళం అది. ఎక్కడికి వెళ్ళినా దెబ్బతింటారు. అయినా మామూలు జనాన్ని గాలికి వదిలేసి పోరు, అందుకోసం ప్రాణాలైనా ఇస్తారు. కథ చదివి వాడు "అమ్మా, నాకు వీళ్ళే కావాలి" అన్నాడు. కథ బాగుంది. కానీ వాళ్ళ కవచం పసుపు, దాని మీద నలుపు తెలుపు గళ్ళు. బొమ్మలకు రంగులు వేసే వాళ్ళు ఏ రెండు పనులకు భయపడతారో ఆ రెండూ ఒక్క దళానికే పెట్టారు. కొట్లో అబ్బాయి నా వంక జాలిగా చూశాడు.

వాడి మొదటి బొమ్మ ఏమైందో చెబుతాను. డబ్బాలోంచి నల్ల ప్రైమర్ కొట్టాడు. ఆరాక పసుపు వేశాడు. అది పసుపులా లేదు, ఎండి వాడిన నిమ్మతొక్కలా ఆకుపచ్చగా వచ్చింది. ఇంకో పూత వేశాడు. ఇంకోటి. అయిదో పూతకు పసుపు అయితే వచ్చింది గానీ బొమ్మ పోయింది. కవచం మీద ఆవగింజలో సగమున్న మేకుతలలు, ముఖం మీది గీతలు, నడుముకున్న సంచీ అన్నీ రంగులో పూడిపోయాయి. బెల్లం పాకంలో ముంచి తీసినట్టుంది. "వీళ్ళకు నిజంగానే దురదృష్టమమ్మా" అన్నాడు.

దురదృష్టం కాదు, ఇందులో రసాయనం ఉంది. రంగులో ఉండేవి మూడు: రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు, నీళ్ళు. నీళ్ళు ఆరిపోతాయి, జిగురు పారదర్శకంగా మిగులుతుంది. కింద ఉన్నదాన్ని కప్పాల్సిన భారమంతా పొడిదే. కాంతి జిగురులోంచి పొడిలోకి వెళ్ళేటప్పుడు ఎంత గట్టిగా వంగితే అంత బాగా చెదిరి మన కంటికి తిరిగి వస్తుంది, కింద ఉన్నది కనబడదు. తెల్లరంగులో వాడే టైటానియం డయాక్సైడ్ వక్రీభవన గుణకం దాదాపు 2.7, జిగురుది సుమారు 1.5. అంత తేడా ఉంది కాబట్టే తెలుపు బాగా కప్పుతుంది. మీరు మింగే చాలా మాత్రల పైపూతలో ఉండేదీ అదే, నేను రోజూ చూసేదే. మంచి పసుపుపచ్చ నిచ్చే ఇప్పటి సేంద్రియ రంగుపొడులకు ఆ గుణకం జిగురుకు దగ్గరగా ఉంటుంది. కాంతి వాటిలోంచి జారిపోయి కింద ఉన్నదాన్ని తాకి వస్తుంది. పాతకాలంలో గట్టిగా కప్పే పసుపులు ఉండేవి, లెడ్ క్రోమేట్, కాడ్మియం లాంటివి. రెండూ విషాలే. పిల్లలు కుంచె మొనను నోట్లో పెట్టుకుని సన్నం చేసుకుంటారు కదా, అలాంటి చోట అవి పనికిరావు.

ఇది మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. కొత్త గడపకు పసుపు రాస్తే వెలుగుతుంది. పదేళ్ళు నూనె పీల్చి నల్లబడిన గడపకు అదే పసుపు, అదే చెయ్యి, ఎంత రాసినా మందంగా ఉంటుందే తప్ప వెలగదు.

కాబట్టి మూడు పూతలు, నాలుగు పూతలు అని లెక్కపెట్టడం కంటే, కింద ఏముందో ముందు చూసుకోవాలి. తెల్లటి ప్రైమర్ మీద పసుపు నిమ్మపండులా వస్తుంది, కొంచెం చల్లగా, పల్చగా. ఇటుకరంగు మీదో, పాత ఎముక రంగు మీదో వేస్తే మగ్గిన మామిడిపండులా వస్తుంది. అన్నిటికంటే నాకు నచ్చినది గులాబీరంగు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. బొమ్మంతా చంటిపిల్లల గౌనులా గులాబీ వేసి, దాని మీద పలుచగా రెండు పసుపు పూతలు వేస్తే, గులాబీ మాయమవుతుంది గానీ దాని వెచ్చదనం మిగులుతుంది. సందుల్లో పసుపు పలుచబడిన చోట కింది గులాబీ కాస్త తొంగిచూసి, నారింజ నీడలా కనబడుతుంది. నీడ వేరే వేయాల్సిన పని సగం తగ్గుతుంది. మిగతా సగానికి కూడా పసుపులో నలుపు మాత్రం కలపకూడదు, మళ్ళీ ఆ నిమ్మతొక్క రంగే వస్తుంది. ఇటుకరంగో గోధుమరంగో నీళ్ళగా కలిపి, సందుల్లో మాత్రమే తాకించి వదిలేస్తే అదే పాకుతూ వెళ్ళి గాళ్ళలో కూర్చుంటుంది.

పలుచగా అన్నాను. ఎంత పలుచగా అంటే, కాచి చల్లార్చిన పాలంత. సీసాలోంచి తీసిన రంగు చిక్కటి గడ్డపెరుగులా ఉంటుంది, అలా వేయకూడదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడిపిన స్పాంజి పెట్టి, దాని మీద కేకులు చేసే కాగితం పరిచి, రంగు దాని మీద కలుపుకుంటే మర్నాటికీ ఆరదు. కుంచె కూడా మరీ సన్నది కొనకండి. మూడు సున్నాల కుంచె మొన మీద రంగు బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది. ఒకటో నంబరు కుంచె, మొన సూదిలా ఉన్నది, చాలు.

మనకు కొండపల్లి దగ్గరే. ఎనిమిదో తరగతిలో విహారయాత్రకు తీసుకెళ్ళారు, ఈ సభలో కనీసం ఇరవై మంది అప్పుడు బస్సులో ఉన్నారు. తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన ముద్దతో చేతులూ కాళ్ళూ అతికిస్తారు. తర్వాత బొమ్మంతటికీ సున్నం పూస్తారు. ఏనుగు అంబారీ అయినా, దశావతారాలయినా, తాటిచెట్టెక్కే మనిషయినా, ముందు అందరూ తెల్లగా వరసన ఎండలో కూర్చుంటారు. ఆ తెలుపు ఎక్కాకే రంగులు. మొదటిసారి నాటింగ్‌హామ్‌లో ఒక క్లబ్బులో పాతిక బొమ్మలు తెల్లటి ప్రైమర్ కొట్టించుకుని కిటికీ దగ్గర ఆరుతుండటం చూసినప్పుడు నాకు కొండపల్లి వీధి అరుగులే గుర్తొచ్చాయి. ఆ రెంటికీ చుట్టరికం ఉందని నేను అనను. చేతితో రంగు వేసే వాళ్ళందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటే కాబట్టి మందూ ఒకటే అయింది.

పసుపు ఒంటరిగా ఉన్నప్పటి సంగతి ఇది. పక్కన ఇంకో రంగు చేరితే ఇంకో తంటా. హౌలింగ్ గ్రిఫన్స్ అని ఒక దళం ఉంది. వాళ్ళ ఒంటిని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు మూలలకు ఒకే రంగు వేస్తారు. ఒక జత ఎరుపు, ఒక జత పసుపు. చూడటానికి గొప్పగా ఉంటుంది. రెండూ సరిగ్గా కప్పని రంగులే. అంతా వరసలో ఉంది. ముందు మొత్తం బొమ్మకు పసుపు వేసి పూర్తిచేయాలి, నీడలతో సహా. ఆ తర్వాత ఎరుపు భాగాలు. పసుపు మీద ఎరుపు హాయిగా కూర్చుంటుంది, పైగా ఇంకా వెలుగుతుంది. ఎరుపు మీదికి ఒక్క చుక్క పసుపు తీసుకెళ్ళి చూడండి, దాన్ని కప్పడానికి మళ్ళీ తెలుపు, గులాబీ, పసుపు అన్నీ మొదటి నుంచి. రెండు రంగులు కలిసే చోట ఎంత స్థిరమైన చెయ్యికైనా గీత వంకర పోతుంది. అక్కడ ముదురు గోధుమరంగుతో వెంట్రుకవాసి గీత గీస్తే ఆ వంకర ఎవరికీ కనబడదు. కవచంలో అతుకులాగే ఉంటుంది.

ఇక గళ్ళు. లమెంటర్స్ భుజకవచం చిటికెనవేలి గోరుకంటే కాస్త పెద్దది, కొబ్బరిచిప్పలా వంగి ఉంటుంది. దాని మీద నలుపు తెలుపు గళ్ళు సమానంగా రావాలి. రావు. ఎంత ప్రయత్నించినా రావు. మన సోషలు టీచరు గారు గోళం మీది రేఖాంశాలు ధ్రువాల దగ్గర కలిసిపోతాయని చూపించి, అందుకే గోడ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడుతుందనీ, నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు 14 రెట్లు పెద్దదనీ చెప్పేవారు. భుజకవచమూ గోళంలో ముక్కే. సమానమైన చదరాలు దాని మీద పరచలేం. కాబట్టి కంటికి సమానంగా అనిపిస్తే చాలు. భుజం మొత్తం పాలిపోయిన తెలుపు వేయండి. నడిమధ్యన నిలువుగా లేత బూడిదరంగు గీత. ఆ సగాన్ని మళ్ళీ సగం, దాన్ని మళ్ళీ సగం. ఒక చివర నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ వెళితే ఆఖరి గడి సగమే మిగులుతుంది. అడ్డగీతలూ అంతే. పైకి వెళ్ళేకొద్దీ గడులు కాస్త ఇరుకవుతాయి, అవనివ్వండి. అప్పుడు ఒక గడి విడిచి ఒక గడి నలుపు నింపాలి. నలుపు బయటికి పోతే తెలుపుతో వెనక్కి నెట్టాలి, తెలుపు పోతే నలుపుతో. ఈ నెట్టుడు ఒక్కో భుజానికి నాలుగైదు సార్లు ఉంటుంది. ముగ్గుకు చుక్కలు పెట్టుకోవడం లాంటిదే ఇది. చుక్కలు లేకుండా తిన్నగా మెలికల ముగ్గు లాగగలిగిన చేతులు మా అమ్మమ్మ తరంలో ఉన్నాయి. నాకు చుక్కలు కావాలి.

తెలుపూ నలుపూ తేలిక అనుకుంటారు చాలామంది. తెల్లకవచాన్ని స్వచ్ఛమైన తెలుపుతో మొదలుపెడితే, వెలుగు పడే అంచును చూపించడానికి ఇంకా తెల్లనిది ఏముంది? ఏమీ లేదు. అందుకని తెల్ల బొమ్మలో తొంభై పాళ్ళు లేత బూడిదే వేయాలి, నీలం వైపు మొగ్గేదో, గోధుమ వైపు మొగ్గేదో. అసలు తెలుపు అంచులకు మాత్రమే. చూసేవాళ్ళు మాత్రం తెల్ల బొమ్మ అనే అంటారు. నలుపుకు ఇదే తిరగేసి. బ్లాక్ టెంప్లర్స్ అనే నల్లదళం బొమ్మకు నిజమైన నలుపు సందుల్లోనే ఉంటుంది, మిగతాది ముదురు నీలం కలిసిన బూడిద.

కన్ను ఇలా ఎందుకు మోసపోతుందో 1839లో ఒక ఫ్రెంచి రసాయనవేత్త పుస్తకం రాశారు. షెవ్రల్ ఆయన పేరు. పారిస్‌లో గోబెలిన్ అనే తివాసీల కార్ఖానాలో అద్దకం శాఖ చూసేవారు. అక్కడ నల్లరంగు పేలవంగా ఉందని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన రంగు పరీక్షించారు, లోపం లేదు. నల్లదారం పక్కన నేసిన నీలాలు, ఊదాలు దాన్ని అలా కనబరుస్తున్నాయని తేల్చారు. పక్కన ఉన్న రంగు మారితే ఇది మారుతుంది. మా లమెంటర్స్ పసుపు కూడా, నలుపు తెలుపు గళ్ళు వేసేదాకా కాస్త నీరసంగానే ఉంది. గళ్ళు పడ్డాక ఆ పసుపును ఎవరూ ముట్టుకోలేదు, అయినా వెలిగింది. అన్నట్టు ఆ షెవ్రల్ గారు 102 ఏళ్ళు బతికారు. రంగులతో పనిచేసే వాళ్ళకు ఆశ కలిగించే విషయం.

మా వాడు పది లమెంటర్స్ పూర్తిచేయడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదిమందీ ఎన్ని ఆటలు గెలిచారో నేను లెక్కపెట్టలేదు, ఎక్కువేమీ కాదు. నీలం తీసుకుని ఉంటే రెండు నెలల్లో అయ్యేది. కానీ ఆ పదకొండు నెలల్లో వాడు వక్రీభవనం ఎవరూ చెప్పకుండా అడిగి తెలుసుకున్నాడు, గోళం మీది జ్యామితి గొడవ వాడి వేళ్ళకు తెలిసింది, పాడైన పూతను ద్రావకంలో నానబెట్టి గీకేసి మళ్ళీ మొదలుపెట్టడం అలవాటైంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఆరో అంశంగా, ఖాళీగా ఉన్న డ్రాయింగు గదిని ఎంట్రన్సు కోచింగుకు ఇవ్వాలని ప్రతిపాదన ఉంది. ప్రతిపాదించిన వాళ్ళు నాకు ఆత్మీయులు, వాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ ఆ గది ఖాళీగా ఉన్నది పిల్లలు రాక కాదు. డ్రాయింగు మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు, అందుకని తాళం పడింది. మాస్టారు ఇవాళ మూడో వరసలో కూర్చున్నారు. మీరు మాకు ఒక పాఠం చెప్పారు, మీకు గుర్తుందో లేదో మాస్టారూ. క్లాసంతటికీ ఒకే ఆకుపచ్చ కలిపి ఇచ్చి, ఒక వరసకు తెల్లకాగితం, ఒక వరసకు పాత న్యూస్‌పేపరు, ఒక వరసకు పుస్తకాల అట్టలేసే ఖాకీ కాగితం ఇచ్చి ఆకు వేయమన్నారు. నలభై అయిదు ఆకులూ గోడకు అంటించారు. ఇవి ఒకే రంగంటే మేం నమ్మలేదు. నేను ఇందాకటి నుంచి చెప్పిందంతా ఆ గోడ మీద ఉంది. అది ఏ ఎంట్రన్సు పరీక్షలోనూ రాదు, నిజమే. ఆ గది నుంచి డాక్టర్లూ ఇంజనీర్లూ పుట్టుకొస్తారని నేను వాదించను. పిల్లలు తమంతట తాము ఒక కష్టమైన రంగు ఎంచుకుని, అది పాడై, మళ్ళీ చేసుకునే చోటు బడిలో అదొక్కటే ఉండేది. కోచింగుకు తొమ్మిదో తరగతి గది సాయంత్రం ఖాళీయే. వారానికి రెండు రోజులు వచ్చే డ్రాయింగు టీచరుకు మూడేళ్ళ జీతం మా 1989 బ్యాచ్ వాళ్ళం ఇస్తామని కార్యదర్శి గారికి రాతపూర్వకంగా ఇచ్చాం. ఓటు మీ ఇష్టం.

ఓటుకు ముందు ఒక పని. ఆ గది తాళం నిన్న సాయంత్రం తీయించి ఊడ్పించాం. భోజనాల తర్వాత రెండు గంటలకు బల్లల మీద ముప్పై బొమ్మలు ఉంటాయి. పది తెల్ల ప్రైమరు, పది నలుపు, పది గులాబీ. పసుపు మాత్రం అందరికీ ఒకే సీసాలోది. ఇప్పుడు చదువుతున్న పిల్లలకు ఇరవై, మనకు పది. మాస్టారికి ఒక నల్లది పక్కన పెట్టాను, ఆయన దాన్ని ఏం చేస్తారో చూడాలని నాకు ఆశగా ఉంది. కుంచెలు నేను తెచ్చాను. ఇది యాక్రిలిక్ రంగు, ఆరితే బట్ట మీద నుంచి పోదు. పట్టుచీరల వాళ్ళు దయచేసి కొంగు దోపుకుని కూర్చోండి.